తిట్టుకు బదులియ్యని జారా

"టార్గెట్ మగాడు. కాంటాక్ట్ ఆడది," అన్నాడు చీఫ్ బెర్తే. పరుపుల కొట్టు వెనకగదిలో దూది బస్తా మీద కూర్చుని, కోలా గింజ నములుతూ రెండు ఫొటోలు ముందుకు తోశాడు.

నాన్యుమా త్రావొరే మొదటి ఫొటోని సరిగా చూడనేలేదు. రెండోదాని మీదే చూపు ఆగిపోయింది. చెవులకి బంగారు రింగులు, నవ్వితే సొట్టపడే బుగ్గ, రోజుకి రెండుసార్లు సికాసో ఊరంతటినీ రేడియోలో పలకరించే నోరు. తెనిన్ జారా.

"నీ సవతి. తెలుసు," అన్నాడు చీఫ్. "అందుకే ఈ మిషన్ నీకిస్తున్నాను."

ఆఫీసు ఫైళ్ళలో నాన్యుమా పేరు ఏజెంట్ గరిటె. పదహారేళ్ళుగా రేడియో స్టేషన్ గేటు దగ్గర సజ్జ అంబలి అమ్ముతోంది. ఆమె గూఢచారి అన్న సంగతి మొగుడు ద్రిస్సాకి కూడా తెలియదు.

"ఇతను కమాండెంట్ జారా," చీఫ్ మొదటి ఫొటో మీద వేలు పెట్టాడు. "సరిహద్దులో తన పల్లెని అవతలి దేశంవాళ్ళు తగలబెట్టారంటాడు. మూడు వారాల్లో ఊరిని తలకిందులు చేశాడు. ఎలా చేశాడో చూశావుగా?"

చూసింది. ముందు పెళ్ళిళ్ళకి ఉచితంగా గుడ్డ పంచారు, నీలం మీద ఎర్ర పిడికిలి. పెళ్ళికి అందరూ ఒకే గుడ్డ కట్టుకోవడం మామూలే కనుక ఎవరూ ఏమీ అనుకోలేదు. తరవాత శుక్రవారం ప్రార్థనకి కట్టారు. ఆ తరవాత సంతకి. ఇప్పుడు ఆ గుడ్డ కట్టని బెండకాయలమ్మే మనిషి దగ్గర బేరానికి ఒక్కరూ ఆగడంలేదు.

"నువ్వు కుట్టించుకున్నావా?"

నాన్యుమా తల దించుకుంది. "వీధంతా కట్టుకుంటే నేనొక్కదాన్నీ..."

"చూశావా! యుద్ధం తుపాకీతో మొదలవదమ్మా. ఈ 'నేనొక్కదాన్నీ'తో మొదలవుతుంది. ఆదివారం పదకొండింటికి ఫుట్‌బాల్ మైదానంలో ప్రతిజ్ఞ, రేడియోలో లైవ్. పన్నెండింటికి నాలుగువందలమంది కుర్రాళ్ళు ట్రక్కుల్లో సరిహద్దుకి. అవతలివాళ్ళు కాల్చక ఏం చేస్తారు? పత్తి కొనే వేషంలో దిగిన దొర ఒకడున్నాడు. ఇద్దరికీ తుపాకులు అమ్మేది వాడే."

ఆ నాలుగువందలమందిలో నాన్యుమా కొడుకు మాదూ ఉన్నాడు.

చీఫ్ ఆమెకి కొత్త సొరబుర్ర ఇచ్చాడు. పైన అంబలి, అడుగున దొంగ అర, అందులో అరచేతంత టేప్ రికార్డర్. "శనివారం దొరా కమాండెంటూ స్టేషన్‌లో కలుస్తారు. వాళ్ళ మాటలు పట్టు. ఆదివారం మన మనిషి ఒకరు నీ దగ్గర టేపు తీసుకుని మైకులో వేస్తారు. కోడ్, 'మీ బావిలో నీళ్ళున్నాయా?' నీ జవాబు, 'చేద ఉంది, తాడే లేదు.'"

"మరి తెనిన్?"

"కళ్ళలో వత్తులేసుకుని చూడు."

ఆ మాట చెప్పక్కర్లేదు. మూడు నెలలుగా నాన్యుమా చేస్తున్న పని అదే. వంట వంతు రెండ్రోజులు తనది, రెండ్రోజులు దానిది. ఎవరు వండితే ద్రిస్సా వాళ్ళ గదిలో. తెనిన్ వంతు వస్తే గోడ అవతలినుంచి ధూపం వాసన, నడుముపూసల గలగల. ఇరవై రెండేళ్ళ కాపురంలో తనతో ఒక్కసారి కూడా నవ్వనట్టుగా నవ్వే మొగుడు.

మర్నాడు సాయంత్రం వాకిట్లో మాదూ షర్టుకి ఎర్ర పిడికిలి కుట్టుకుంటున్నాడు.

"నీకు యుద్ధం అంత ఇష్టమా నాన్నా?"

"ఇష్టమని కాదమ్మా. అందరూ చెయ్యెత్తారు. నేనొక్కడినే జేబులో పెట్టుకుంటే ఎలా ఉంటుంది?"

ఆ మాట నాన్యుమాదే.

అలసందలు ఏరుతున్న తెనిన్ తలెత్తి నవ్వింది. "అక్కా, మా కమాండెంటు గారూ నువ్వూ ఒకే అచ్చు. స్టేషన్‌లో ఏడుగురు త్రావొరేలున్నారు. మూడు వారాలైంది, ఆయన ఒక్కళ్ళనీ తిట్టలేదు. అచ్చం నీలాగే, మహా మర్యాద!"

నాన్యుమా లోపలికి పోయి తలుపేసుకుంది. అది దెప్పడమే. త్రావొరేల వంశానికీ జారాల వంశానికీ తాతల నాటి వేళాకోళం వరస. ఎదురుపడితే చాలు, అలసందలు తినేవాడా అని తిట్టాలి. తిట్టుపడినవాడు రెట్టింపు అప్పగించాలి. కోపగించడానికి వీల్లేదు, చెయ్యి చేసుకోవడం అసలే లేదు. చావింటికెళ్ళి శవాన్ని కూడా "లేవవోయ్ బద్ధకస్తుడా" అని పిలిచే వరస. అలాంటిది జారాల ఆడపడుచు సవతిగా వచ్చి మూడు నెలలైనా నాన్యుమా ఆ తిట్టు తిట్టలేదు. "బాగున్నావా" అంటుంది, అంతే. అంతకంటే పెద్ద చెంపదెబ్బ వాళ్ళలో లేదు.

శనివారం పని సులువుగా జరిగింది. స్టేషన్ గదిలో దొర, కమాండెంటు, తెనిన్. నాన్యుమా అంబలి పోస్తూ బుర్ర అడుగున మీట నొక్కింది. "రెండువైపులా ఒకటే రేటు," అన్నాడు దొర. కమాండెంటు నవ్వాడు. తెనిన్ కూడా నవ్వింది. ఆ నవ్వు టేపులో పడినందుకు నాన్యుమాకి పండగలా ఉంది. దేశం దక్కుతుంది, కొడుకు దక్కుతాడు, సవతి జైలుకి పోతుంది. మూడింటిలో దేనికి ఎక్కువ సంతోషమో తనని తాను అడగలేదు.

ఆదివారం పొద్దున్న వంతు నాన్యుమాది. అయినా తెనిన్ వాకిట్లోకొచ్చి ద్రిస్సా చొక్కా మెడ సర్దింది, అతని గడ్డానికి అంటిన సబ్బు నురగ వేలితో తుడిచింది. నాన్యుమా చూపు ఆ వేలిమీదే ఉంది. చేతులు మాత్రం బుర్రలో కుతకుతలాడే అంబలి పోశాయి. అడుగున బిరడా సరిగా పడిందో లేదో చూసుకోలేదు.

తెనిన్ దగ్గరికొచ్చింది. "అక్కా, ఒక్క మాట. మీ—"

"నాతో నీకు మాటలేమిటి? పోయి మీ కమాండెంటుతో చెప్పుకో."

తెనిన్ ఒక క్షణం నిలబడి, వెళ్ళిపోయింది.

మైదానం నీలంగా ఉంది. వేలమంది, ఒకే గుడ్డ. నాన్యుమా ఒంటిమీదా అదే. ముందు వరసలో మాదూ. పదకొండుకి పది నిమిషాలు. ఎవరూ వచ్చి బావి సంగతి అడగలేదు. ఆమే బుర్ర అడుగు విప్పింది. వేలికి వేడి అంబలి తగిలింది. టేపు ఉడికి ముద్దయిపోయింది.

స్టేజీ మీద కమాండెంటు, పక్కన మైకు పట్టుకుని తెనిన్. గుంపులో అక్కడక్కడా నిలబెట్టిన పదిమంది ముందు చప్పట్లు కొట్టారు, వెనకే ఊరు కొట్టింది.

"నా పల్లె బూడిదైంది!" గర్జించాడు కమాండెంటు. "మగతనం లేనివాళ్ళు కూర్చోండి!"

ఒక్కడూ కూర్చోలేదు.

"మిగిలినవాళ్ళు చెయ్యెత్తండి!"

ముందు ఆ పది చేతులు. తరవాత వంద. మాదూ చెయ్యి లేచింది. నాన్యుమా తన భుజం వైపు చూసుకుని ఉలిక్కిపడింది. తన చెయ్యీ లేస్తోంది, తనని అడక్కుండానే.

అప్పుడు గుర్తొచ్చింది తెనిన్ దెప్పిన మాట. ఏడుగురు త్రావొరేలు, మూడు వారాలు, ఒక్క తిట్టు లేదు. ఈ మైదానంలో త్రావొరేలు కనీసం వెయ్యిమంది ఉంటారు. ఎవరూ అతన్ని తిట్టలేదు. ఎవరికి వాళ్ళు, ముందు ఇంకో త్రావొరే మొదలెట్టనీ అని ఊరుకున్నారు.

గరిటెతో సొరబుర్ర మీద ఠంగుమని కొట్టింది. "ఓయ్ జారా! అలసందలు తిన్న కడుపుతో యుద్ధానికెళతావా? నీ చప్పుడుకి శత్రువు ముందే పారిపోతాడు!"

లేచిన చేతులు గాల్లోనే ఆగాయి. అందరూ ఎదురుచూశారు. జారా అన్నవాడు ఉరికంబం మీదున్నా ఈ మాటకి బదులిచ్చి చస్తాడు.

కమాండెంటు మొహం ఎర్రబడింది. "ఎవర్తె అది? ఈడ్చుకెళ్ళండి దాన్ని!"

ముందు వరసలో ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమన్నాడూ? త్రావొరేని జారా ఈడ్పిస్తాడా? వీడసలు జారాయేనా?"

తెనిన్ మైకు అతని నోటి దగ్గరికి తెచ్చింది. తీపిగా అడిగింది, "అన్నా, దేశమంతా వింటోంది. జవాబివ్వు. మన పల్లెలో త్రావొరేలకి ఏమని బదులిచ్చేవాళ్ళం?"

"ఇది... ఇది రాజద్రోహం!"

"అయ్యో, నీకు రాదా? అయితే నేనిస్తాను," అని మైకు తనవైపు తిప్పుకుంది. "ఏమే త్రావొరే అక్కా! మేం తినేది గిన్నెడు. మీరు పొలాల్లో దిష్టిబొమ్మని కూడా మిగల్చరు! పొద్దున్నే నీ అంబలి మూత ఎగిరింది ఆవిరికి కాదని ఇంట్లో అందరికీ తెలుసు!"

ముసలాయన ముందు నవ్వాడు. పక్కవాడు నవ్వాడు. ఆ పైన మైదానం మొత్తం పగలబడింది. జారాలు త్రావొరేలని, త్రావొరేలు జారాలని, మూడు వారాల బాకీ తీర్చుకుంటున్నట్టు తిట్టుకున్నారు. "ఒరే, మా మేనత్త సరిహద్దు అవతల జారాలింట్లోనే ఉందిరా! వాళ్ళనా కాల్చేది?" అని ఎవరో అరిచారు. చేతులు ఒకటొకటే దిగాయి, కొన్ని పొట్ట పట్టుకోవడానికి. స్టేజీ వెనకనుంచి జారుకోబోయిన కమాండెంటునీ దొరనీ చీఫ్ కొట్టులో పరుపులు మోసే నలుగురు పట్టుకున్నారు. పన్నెండైంది. ట్రక్కులు కదల్లేదు.

మాదూ వచ్చి గుర్రుమన్నాడు. "నలుగుర్లో నా పరువు తీశావమ్మా."

"పరువే కదా నాన్నా, పోనీ," అంది నాన్యుమా.

ఇంటికొచ్చేసరికి తెనిన్ వాకిట్లో కూర్చుని ఉంది. నాన్యుమాని చూసి మెల్లగా అడిగింది, "అక్కా, మీ బావిలో నీళ్ళున్నాయా?"

నాన్యుమా గడప దగ్గరే ఆగిపోయింది. "చేద ఉంది... తాడే లేదు."

"పొద్దున్న అడగబోతే కసిరావు. చీఫ్ నీకెందుకు చెప్పలేదో తెలుసా? నువ్వు నన్ను ఛీ కొడుతుంటేనే కమాండెంటూ దొరా నన్ను నమ్మారు. మనస్ఫూర్తిగా ఛీ కొట్టడం ఎవరికీ నేర్పలేమన్నాడు."

నాన్యుమా సొరబుర్ర దించింది. అడగాల్సింది ఒక్కటే ఉంది. "ఈ పెళ్ళి కూడా చీఫ్ ఆర్డరేనా?"

తెనిన్ నేల చూపులు చూసింది. "చీఫ్ మీ పక్కింట్లో అద్దెకి దిగమన్నాడంతే. పెళ్ళి నా సొంత నిర్ణయం."

నాన్యుమా పళ్ళు బిగించి, మూడు నెలలుగా దాచిన మాట అంది.

"అలసందలు తినేదానా!"

తెనిన్ ముసుగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాన్యుమాకి తెలుసుకోవాలనీ లేదు.

వీధి మలుపు నుంచే అరుచుకుంటూ వచ్చాడు ద్రిస్సా. "ఊళ్ళో గూఢచారులు పట్టుబడ్డారు! మీకేం తెలుస్తుందిలే, పొయ్యి దగ్గర కూర్చునే ఆడాళ్ళకి!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తెనిన్ లేచి అతని చొక్కా మెడ సర్దబోయింది. నాన్యుమా గరిటె అడ్డం పెట్టింది.

"ఇవాళా రేపూ వంతు నాదే."

సరిహద్దు దగ్గర శాంతి ఆ మధ్యాహ్నమే కుదిరింది. ఆ వాకిట్లో మాత్రం చర్చలు ఇంకా సాగుతున్నాయి.