సైలెన్సర్ పక్కన పైపు

ఎర్ర జీపు మలుపు తిరిగి మాయమవుతుంది.

ఎస్సై భవాని పోలీసు బండి యాక్సిలరేటర్ తొక్కుతుంది. పక్క సీట్లో మెకానిక్ రామాంజి డాష్‌బోర్డు పట్టుకుంటాడు.

ఆ ఎర్ర జీపు రామాంజి కట్టిందే! ధర్మవరం పట్టుచీరల వ్యాపారి అమర్‌నాథ్ కోసం. హిందూపురంలోని తన షెడ్డులో బండి అడుగు చట్రం, అదే చాసిస్, రెండడుగులు పెంచి, కొత్త బాడీ వేసి, ఈ ఉదయమే పూజ చేయించి అప్పగించాడు. భోజనానికి పిలిస్తే ధర్మవరం వచ్చాడు.

ఇప్పుడు దాన్ని నడుపుతున్నది గంగన్న. అమర్‌నాథ్ పాత పార్ట్‌నర్. పక్కన అమర్‌నాథ్... చేతులు కట్టేసి. గంగన్న ఒడిలో పిస్టల్!

"పెనుకొండ దిగుడు కింద లారీ అడ్డం పెట్టించినా," అంటుంది భవాని. "వాడు బ్రేకు కొట్టాల్సిందే. లారీ వెనక మనోళ్లు నలుగురుండారు."

బ్రేకు... రామాంజికి పొద్దున చేసిన పని గుర్తొస్తుంది.

చాసిస్ పెరిగితే వెనక చక్రాలకు పోయే బ్రేకు పైపూ పెరగాలి. కొత్త పైపు వేశాడు. దాన్ని చాసిస్ లోపలివైపు క్లాంపులతో బిగించాలి. క్లాంపులు రాలేదు. ముహూర్తం దాటిపోతోందని అందరూ కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. కట్టుకంబి తెచ్చి సైలెన్సర్ పక్కనే కట్టేశాడు. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు.

సైలెన్సర్ వేడికి పైపులో బ్రేకు ఆయిల్ మరుగుతుంది. పెడల్ తొక్కితే కిందికి దిగిపోతుంది. బండి ఆగదు.

గంట కిందట, ధర్మవరంలో భవాని అడిగింది.

"బండిలో లోపమేమన్నా ఉండాదా అప్పా?"

పక్కనే అమర్‌నాథ్ భార్య సుకన్య ఏడుస్తూ నిలబడి ఉంది.

"ఏమీ లేదు మేడం."

ఇరవై ఏళ్ల పేరు. సుకన్య ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

దిగుడు మొదలైంది. ముందు ఎర్ర జీపు, కింద లారీ!

"మేడం... లారీ తీయించండి."

"ఏమంటాండావు?"

"బ్రేకులు పడవు. తప్పు నాదే. అమర్‌నాథన్న లారీకి గుద్దుకుని సస్తాడు."

భవాని చూసిన చూపుకి అతని తల వంగిపోయింది. ఆమె మైకు లాక్కుంది.

"లారీ పక్కకు తీయండి. ఇప్పుడే."

లారీ కదులుతోంది. జీపు వెనక ఎర్ర లైట్లు వెలిగాయి... జీపు నెమ్మదించింది... ఆగింది!

దారి ఖాళీ కాగానే, లారీ వెనక పోలీసులు దాన్ని చేరేలోపే దూసుకుపోయింది.

"ఆగింది కదప్పా," అంది భవాని.

రామాంజి ఫోన్ మోగింది. సుకన్య.

"యాడుండారన్నా? దొరికినాడా?"

"లేదమ్మా. బ్రేకు పైపు నేనే సరిగ్గా కట్టలే..."

"అదా? ఆయన మధ్యాహ్నమే చూసినాడన్నా. ఈడ గ్యారేజీలో క్లాంపులు వేయించి, పైపు లోపలికి మార్పించినాడు. నీకు చెప్పొద్దన్నాడు. మంచి పనిమంతుడు, సిగ్గుపడతాడు అన్నాడు."

గంట కిందట తను నోరు విప్పి ఉంటే, సుకన్య అప్పుడే చెప్పేది; లారీ తీయించే పనే ఉండేది కాదు.

మలుపు అవతల పిస్టల్ పేలింది.

"అన్నా... ఆ సప్పుడేంది?"