అంచున గోళ్ళరంగు

...అయినా సరిగ్గా మూల మీద కూర్చున్న చుక్కను ఏం చెయ్యాలి? గడికి పైన, ఎడమన ఉన్న గీతల మీద పడితే లెక్కలో కలుపుకోవాలి, కింద, కుడిపక్క ఉన్న గీతల మీద పడితే వదిలెయ్యాలి, ఆ మాత్రం నియమం ఉంది. కలుపుకునే గీతా వదిలేసే గీతా కలిసే చోట పడితే ఏం చెయ్యాలో నియమం పెట్టినవాడికి తోచినట్టు లేదు. మనుషుల విషయంలోనూ అంతే, అనుకున్నాడతను. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపెయ్యాలో ఏదో లెక్క వేసుకుని బతుకుతూ ఉంటాం. ఎవరో ఒకరు వచ్చి మూల మీద కూర్చుంటారు.

కాసేపు ఆ చుక్కను అలాగే చూసి, వదిలేశాడు.

అతని పని చుక్కలు లెక్కపెట్టడం. మైక్రోస్కోపు కింద, గీతల గళ్ళలో, కొవ్వు కణాలు ఉంటాయి. వాటి కడుపులో ఎర్రరంగు పట్టిన నూనె చుక్కలు. కంప్యూటరూ లెక్కపెట్టగలదు గానీ, ఒకదాన్నొకటి కరుచుకున్న చుక్కలు కనబడితే చేతులెత్తేస్తుంది. అప్పుడు మనిషి కన్నే దిక్కు. కన్ను అలసిపోకూడదని అతను గదిలో లైటు వేసుకోడు. కళ్ళజోడు తీస్తే గుండ్రటి కళ్ళు, పలకరిస్తేగాని పెగలని నోరు. ల్యాబ్ మొత్తానికి అతను గుడ్లగూబ.

ఆ పేరు పెట్టింది ఆమే. వచ్చిన మొదటి రోజే.

ఆ రోజు తలుపు తోసుకుని వచ్చి టక్కున లైటు వేసింది.

"లైటు ఆర్పండి!"

"చీకట్లో మీరున్నారో లేదో ఎలా తెలుస్తుందండీ?"

"తలుపు కొడితే తెలుస్తుంది."

"కొట్టాను. మీరు పలకలేదు."

"లెక్కలో ఉన్నాను. పలికితే పోతుంది."

"పోయిందా?"

"పోయింది."

"అయితే ఇప్పుడు పలకొచ్చుగా!" అంది. చేతిలోని ట్రే బల్ల మీద పెట్టి, "ఇవి నా స్లైడ్లు. జాగ్రత్త, గుడ్లగూబగారూ" అని లైటు ఆర్పి మరీ వెళ్ళింది.

కోపం రావాల్సింది. కోపం బదులు ఆమె వెళ్ళిన దారిలో ఉడికిన ఆకుల వాసన మిగిలింది. వరండా చివరి గదిలో పొద్దస్తమానం ఆకులూ వేళ్ళూ బెరళ్ళూ కాచి వడకట్టడం ఆమె పని. ఆ క్షణమే మనసులో ఆమెకు 'కషాయం' అని పేరు పెట్టుకున్నాడు. అది నోటిదాకా రావడానికి వానాకాలం రావాల్సి వచ్చింది.

పాతకాలం వైద్యంలో ఒళ్ళు తగ్గడానికి వాడే మొక్కలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏది నిజంగా కొవ్వును కదిలిస్తుందో, ఏది ఉత్త నమ్మకమో తేల్చడం ఆ ల్యాబ్ పని. ఆమె ఒక్కో మొక్క సారం తీసి కణాలకు పట్టిస్తుంది. వాటికి రంగు వేసి, గాజు పలక మీద పరిచి, పైన పల్చటి గాజుబిళ్ళ మూసి, గాలి దూరకుండా అంచుల చుట్టూ గోళ్ళరంగు పూస్తుంది. ఆ తర్వాత ల్యాబ్ పెద్దావిడ, అందరికీ మేడమ్, మొక్కల పేర్లు పీకేసి ఉత్త అంకెలు అంటిస్తుంది. ఏది ఏ మొక్కో లెక్కపెట్టేవాడికి తెలియకూడదు. తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది.

"ఎలా ఉన్నాయి నా స్లైడ్లు?" అని ఆమె రోజూ గుమ్మంలోంచి అడిగేది.

"ఎర్రగా ఉన్నాయి."

"అబ్బో! ఎంత పెద్ద రహస్యం చెప్పేశారో. నోరు జారకండి, మేడమ్ ఉద్యోగం పీకేస్తారు."

ఒకరోజు వాన. కిటికీ అద్దం మీద జారే చినుకుల్ని చూస్తూ, అడక్కుండానే చెప్పింది. "వాటిలో ఒకటి మా అమ్మమ్మ వాడిన ఆకు. ఏ నంబరో నాకూ తెలియదులెండి. మా అక్కకి చిన్నప్పట్నుంచీ అదే కాచి పోస్తున్నాం. అమ్మమ్మ పోయాక నేను. బళ్ళో అక్కని ఏమనేవాళ్ళో చెప్పనుగానీ... ఇప్పటికీ ఎక్కడికి వెళ్ళినా, కూర్చునేముందు కుర్చీని చేత్తో నొక్కి చూసుకుంటుంది. ఎవరికీ కనబడదు అది. నాకు కనబడుతుంది."

అతనూ కిటికీ వైపు చూశాడు. "కషాయంగారూ, గొడుగు తెచ్చుకున్నారా?" అన్నాడు.

ఆమె తిరిగి చూసి పకపకా నవ్వింది. "కషాయమా! ఎన్నాళ్ళుగా దాచారు?"

ఆ వారంలోనే అక్క వచ్చింది, చెల్లెలు మర్చిపోయిన అన్నం డబ్బా పట్టుకుని. భారీ మనిషి, ఆ ఒంటికి తగ్గ నవ్వు. సందర్శకుల కుర్చీ కాలు వదులుగా ఉంటుందని అతనికి గుర్తొచ్చింది. లేచి, తన కుర్చీ ఆవిడ వైపు జరిపి, తను ఆ వదులు కుర్చీలోకి మారాడు. అక్క చెయ్యి కుర్చీ మీదకు వెళ్ళింది, నొక్కింది, ఆగింది. అతని వంక ఒకసారి చూసి కూర్చుంది.

"గుడ్లగూబ అంటే నువ్వేనా బాబూ? మా ఇంట్లో అన్నాల దగ్గర నీ కబుర్లే."

"అక్కా!"

"ఉన్నమాటేగా. ఇంకోటి చెప్పనా? ఇది సీసాలకి సీసాలు గోళ్ళరంగు కొంటుంటే, ఏ పెళ్ళికొడుక్కి చూపించడానికో అనుకున్నా. తీరా చూస్తే అంతా గాజుముక్కలకట! దాని గోళ్ళు చూడు, ఒకసారైనా రంగు ఎరగవు."

ఆమె చటుక్కున చేతులు వెనక్కి దాచుకుంది. అప్పటికే అతను చూశాడు. కత్తిరించిన పొట్టి గోళ్ళు, అంచుల్లో ఆకు పసరు నల్లగా.

లెక్కలు పూర్తయ్యాక మేడమ్ అంకెల గుట్టు విప్పింది. అన్ని మొక్కల్లోకీ అమ్మమ్మ ఆకు పట్టిన కణాల్లోనే చుక్కలు తక్కువ. బాగా తక్కువ.

ఆమె మేడమ్ గదిలోంచి వానలో ఆవరణ దాటి పరుగెత్తుకొచ్చింది. జడ చివర నీళ్ళు కారుతున్నాయి. "పనిచేసింది! మా అమ్మమ్మ ఆకు పనిచేసింది! మేడమ్ పేపర్ రాయమన్నారు. మీరు ఆదివారం మా ఇంటికి రావాలి. అక్క రమ్మంది. అమ్మా నాన్నా కూడా ఉంటారు." ఆగింది. నేల చూపులు చూస్తూ, "నేనూ రమ్మంటున్నాను" అంది.

ఆమె వెళ్ళింది. ఇంత సంతోషం తనది కాదేమో, ఎవరిదో పొరపాటున తనకు అందిందేమో అనిపించింది అతనికి. సంతోషం వచ్చినప్పుడల్లా దాన్ని తిప్పి తిప్పి చూడటం అతనికి అలవాటు.

పేపర్‌కి ఫోటోలు కావాలని మేడమ్ అంటే పెట్టెలోంచి ఆ స్లైడ్లు తీశాడు. అమ్మమ్మ ఆకువి ఒక వరస, మిగతావి ఒక వరస. దీపం కింద పక్కపక్కనే పెట్టేసరికి తేడా తెలిసింది.

మిగతావాటి అంచుల్లో గోళ్ళరంగు తొందరతొందరగా పూసినట్టుంది, మూలల్లో ముద్దలు కట్టి, అక్కడక్కడ బుడగలు. అమ్మమ్మ ఆకువి మాత్రం సన్నగా, సాఫీగా, ఊపిరి బిగబట్టి గీసినట్టున్నాయి.

నాకు తెలుసా? అని అడిగాడు తనను తను. లెక్కపెట్టేటప్పుడు తెలుసా? తెలియదనే మనసు చెప్పింది. కానీ అంత సాఫీ అంచు ఉన్న స్లైడు చేతికొచ్చినప్పుడల్లా తను నిటారుగా సర్దుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. మూల చుక్కలు గుర్తొచ్చాయి. లెక్క రాసుకున్న కాగితాలు పక్కన పెట్టుకుని మళ్ళీ చూశాడు. సాఫీ అంచుల స్లైడ్లలో మూల చుక్కలన్నీ వదిలేసి ఉన్నాడు. మిగతావాటిలో కలుపుకున్నాడు. గీత మీదివీ, మసగ్గా ఉన్నవీ అంతే. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆమె చెయ్యి ఆ ఆకు మీద ప్రేమతో మెల్లగా నడిచింది. అతని కన్ను ఆ చేతి వెంట నడిచింది.

చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. ఆదివారం ఉంటుంది, పేపర్ ఉంటుంది, ఆమె ఉంటుంది. అక్క కూడా ఉంటుంది, ఈసారి పేపర్ సాక్ష్యంతో ఆ చేదు మింగుతూ. ఒళ్ళు తగ్గకపోతే ఆకును అనుమానించదు, ఒంటిని తిట్టుకుంటుంది. మళ్ళీ కుర్చీ నొక్కి చూసుకుంటుంది. చెబితే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. ఆమె మళ్ళీ ఈ గుమ్మంలోకి రాకపోవచ్చు.

సాయంత్రం ఆమె వచ్చేసరికి గదిలో లైటు వెలుగుతోంది.

"అరె! గుడ్లగూబకి తెల్లారిందే!"

అతను ట్రే ముందుకు జరిపాడు. అంకెల మీద కాగితం ముక్కలు అంటించి, స్లైడ్లన్నీ కలిపేశాడు. "ఇందులో నీ ఆకువి తియ్యి."

'నువ్వు' అన్నాడని ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

"నంబర్లు లేకుండా ఎలా?"

"తియ్యి."

నవ్వుతూనే ఒకటి తీసింది. ఇంకోటి. ఇంకోటి. తడుముకోకుండా తీస్తున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నవ్వు మెల్లగా దిగిపోయింది.

"నేను... కావాలని చెయ్యలేదు."

"తెలుసు. నేనూ కావాలని చెయ్యలేదు."

"మీరేం చేశారు?"

"అటో ఇటో తేలని చుక్కలు ఉంటాయి. నీ ఆకువైతే వదిలేశాను. వేరేవైతే కలిపాను."

"నా ఆకని మీకెలా తెలుసు?"

"ఆకు తెలియదు. నీ చెయ్యి తెలుసు."

ఆమె తీసిన స్లైడ్లను ఒక్కొక్కటే తిరిగి ట్రేలో పెట్టింది. "అంటే అది పనిచెయ్యదా?" అంది చివరికి, చిన్నపిల్ల గొంతుతో.

"చెయ్యదని కాదు. చేస్తుందో లేదో ఇంకా తెలియదు. తెలిసిందని మనం చెప్పకూడదు."

ఆమె లేచింది. వెళ్తూ వెళ్తూ లైటు ఆర్పేసింది. అలవాటు కొద్దీ ఆర్పిందో, అతని మొహం చూడలేక ఆర్పిందో చీకట్లో కూర్చుని ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. వేసుకున్నాడు. విప్పి కొక్కేనికి తగిలించాడు.

సోమవారం తలుపు చప్పుడైంది. కొట్టి, ఆగి, "రావచ్చా?" అని అడిగింది ఆమే. చేతిలో ఇంకా అంచులు మూయని స్లైడ్ల ట్రే, గోళ్ళరంగు సీసా.

"మేడమ్‌కి అంతా చెప్పేశాను. ఇద్దర్నీ కలిపి దులిపేశారు. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. ఇప్పుడు మూసేది మీరు. లెక్కపెట్టేది పక్క ల్యాబ్ ఆయన. ఆయనకి నేనెవరో కూడా తెలియదు."

"నాకు మూయడం రాదు."

"అందుకే మీరు. అన్నీ ఒకేలా పాడుచేస్తారు."

అతనికి నవ్వొచ్చింది. తరవాత భయమేసింది. "అక్కగారికి చెప్పావా?"

"చెప్పాను." కుర్చీ లాక్కుని కూర్చుంది. "కోప్పడుతుందనుకున్నా. 'ఆ అబ్బాయి నాకు అడక్కుండా కుర్చీ ఇచ్చాడు. నువ్వు అడక్కుండా కషాయం ఇస్తున్నావు. రెండూ ప్రేమేనే తల్లీ. కుర్చీ మాత్రం చేదుగా లేదు' అంది."

బయట వాన మళ్ళీ అందుకుంది. ఆమె గొంతు తగ్గించింది. "ఆ ఆకు నెగ్గాలని అక్కకి ఎప్పుడూ లేదు. నాకే ఉంది. అక్కని మార్చేస్తే ఇంకెవరూ తనని ఏమీ అనరని. అనేవాళ్ళు ఎలాగూ అంటారు. నేనైనా అక్కని ఉన్నదున్నట్టు చూడొద్దూ?" కళ్ళు తుడుచుకుంది. "ఇంకోటి కూడా అడిగింది. ఆకు సంగతి సరే, ఆదివారం ఆ అబ్బాయి ఎందుకు రాలేదే అని."

"రమ్మన్నది ఆకు పనిచేసిందని కదా."

"ఆకుని పిలవలేదు. మిమ్మల్ని పిలిచాం."

అతను సీసా మూత తిప్పాడు. మొదటి స్లైడు అంచు మీద కుంచె పెట్టగానే చెయ్యి వణికింది. గీత వంకర పోయి, మూలలో ముద్ద కట్టింది.

"అద్భుతం! దీన్ని చూసి ఏ ఆకో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు."

"వచ్చే ఆదివారం వస్తాను," అన్నాడతను, స్లైడు మీంచి తల ఎత్తకుండా.

 ఆమె స్లైడు కదలకుండా దాని పక్కన బొటనవేలు ఆనించి పట్టుకుంది. పొట్టి గోరు, అంచున ఆకు పసరు. కుంచె ఇంకా తడిగానే ఉంది. అతను ఒక్క క్షణం ఆగాడు. ఊపిరి బిగబట్టి, కుంచె గాజు మీంచి ఎత్తి, ఆ గోరు మీద మొదలు నుంచి చివరిదాకా మెల్లగా ఒక గీత గీశాడు. అంచు దాటలేదు. ఈసారి చెయ్యి వణకలేదు.