మణికుమార్ కనిపెట్టిన లీకు

శుక్రవారం మధ్యాహ్నం ఆ అరబ్బు దేశపు షెడ్ల పేట మామీర్‌లో మనిషి అలికిడి ఉండదు. జుమా నమాజు అయ్యాక ఎవరిళ్ళకి వాళ్ళు, ఎవరి క్యాంపులకి వాళ్ళు చేరిపోతారు. షెడ్ల షట్టర్లన్నీ దిగిపోతాయి. సిత్రా రిఫైనరీ వైపు నుంచి వచ్చే గంధకం వాసన, బండి నీడలో పడుకున్న పిల్లి, నెత్తి మాడ్చే ఎండ. అంతే మిగిలేది.

అది తొంభై ఆరు ఆగస్టు. ఆ శుక్రవారం ఒక్క షెడ్డు షట్టరు మాత్రం మోకాలెత్తు తెరిచి ఉంది. లోపల అప్పాజీ చొక్కా విప్పేసి ఒక పాత మోటార్‌సైకిల్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

అప్పాజీది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆ షెడ్డులో తొమ్మిదేళ్ళుగా మెకానిక్. ఆ బండి షెడ్డు యజమాని అబూ జాసింది. ఏడువందల యాభై సీసీ జపాన్ బండి. దాన్ని కన్నకొడుకులా చూసుకుంటాడు ఆయన. దానికొచ్చిన రోగం ఏంటంటే, రేడియేటర్‌లో పోసిన నీళ్ళు నాలుగు రోజులకల్లా పాలు ఎక్కువైన టీలా మారిపోతున్నాయి. ఎక్కడినుంచో ఇంజన్ ఆయిలు నీళ్ళలో కలుస్తోంది. ఎక్కడినుంచన్నదే ఎవరికీ అంతుపట్టలేదు.

ఎవరికీ అంటే... ఒక్కడికి పట్టింది. ఆ ఒక్కడూ చచ్చిపోయాడు.

మణికుమార్ తుని కుర్రాడు. షెడ్డుకొచ్చి ఎనిమిది నెలలే. స్క్రూడ్రైవర్ ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. రోగం దొరగ్గానే స్పానర్‌తో ఆ చోట రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. తొమ్మిదేళ్ళలో అప్పాజీకి ఒక్క కప్పు టీ కూడా ఇవ్వని అబూ జాసిం, వాడికి ఇంటినుంచి మచ్బూస్ పులావు పళ్ళెం తెచ్చేవాడు. జర్మనీ పనిముట్ల పెట్టె కొనిచ్చి, తాళంచెవి వాడి చేతిలో పెట్టాడు. ఆ రోజు అప్పాజీకి అన్నం సహించలేదు.

జూన్‌లో ఒక సాయంత్రం, "దొరికిందన్నా! ముందు సామాను తెస్తాను, వచ్చాక చూపిస్తా" అని నవ్వుతూ రోడ్డు దాటబోయాడు మణికుమార్. నీళ్ళ ట్యాంకర్ గుద్దేసింది. అందరూ ఏడ్చారు. అప్పాజీ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. కానీ లోపలెక్కడో, చెమట పట్టిన వీపుకి గాలి తగిలినట్టు, చల్లగా అనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ చల్లదనం నెల తిరక్కుండానే పోయింది. "మణి ఉంటే వేలు పెట్టి చూపించేవాడు" అంటాడు అబూ జాసిం. "పాపం, ఆ మణి ఉంటేనా" అంటాడు వీధి చివర టీ పోసే మలయాళీ. పనిముట్ల పెట్టెకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు యజమాని. బతికున్నవాడితో అయితే పోటీ పడొచ్చు. చచ్చినవాడు తప్పు చెయ్యడు, ముసలివాడవడు, వాణ్ణి ఓడించేదెలా?

అప్పాజీ హెడ్ గ్యాస్కెట్ మార్చాడు. నాలుగో రోజుకి మళ్ళీ టీ నీళ్ళే. అబూ జాసిం ఏమీ తిట్టలేదు. "శనివారం ఇంకొకర్ని పిలుస్తాను. ఖలాస్" అన్నాడు. అందుకే ఈ శుక్రవారం అప్పాజీ ఒంటరిగా వచ్చాడు.

రేడియేటర్ మూత విప్పాడు. మూతకి అడుగున గోధుమరంగు మీగడ. ఇంజన్ పక్కనున్న గాజు కన్నంలోంచి ఆయిల్ చూశాడు. తేనెలా తేటగా ఉంది. అంటే ఆయిలు నీళ్ళలోకి పోతోంది గాని నీళ్ళు ఆయిల్లోకి రావడం లేదు. బండి స్టార్ట్ చేసి రేడియేటర్‌లోకి తొంగి చూశాడు. బుడగలు లేవు. గ్యాస్కెట్ బాగానే ఉన్నట్టు.

మిగిలింది వాటర్ పంపు. పంపు కింద చిన్న కన్నం ఉంటుంది. లోపలి సీలు పోతే ఆ కన్నంలోంచి కారాలి. వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది.

"ఆ కన్నం పొడిగా ఉంటే పంపు జోలికి పోనక్కర్లేదన్నా." ఒకసారి అందరి ముందూ మణికుమార్ అన్న మాట అది. ఆ మాట గుర్తొచ్చిందనే అప్పాజీ స్పానర్ తీసుకుని పంపు బోల్టు మీద పెట్టాడు.

టక్, టక్.

అప్పాజీ చెయ్యి ఆగింది. వేడికి రేకులు చప్పుడు చేస్తాయి, మామూలే. కానీ చప్పుడు పైకప్పులోంచి రాలేదు. బండికి అవతలి పక్కనుంచి వచ్చింది. ఆయిల్ ఫిల్టర్ ఉన్న చోటు నుంచి.

బయట గాలి లేచింది. షట్టరు కిందనుంచి సన్నటి ఇసుక పాములా పాక్కుంటూ లోపలికొచ్చింది. కిటికీ అద్దం పసుపై, ఎరుపై, మట్టిరంగుకి తిరిగింది. పట్టపగలు షెడ్డంతా చీకటి కమ్మింది.

టక్, టక్.

"నాకు నువ్వు చెప్పేదేంట్రా?" అన్నాడు అప్పాజీ. ఎవరితో అంటున్నాడో అన్నాక తెలిసింది. అయినా భయాన్ని మించి కడుపుమంట. చచ్చి కూడా నాకు పాఠం చెప్తాడా వీడు? పళ్ళు బిగించి పంపు విప్పేశాడు. సీళ్ళు రెండూ కొత్తవాటిలా ఉన్నాయి.

ఈసారి చప్పుడు చాలా నెమ్మదిగా వచ్చింది. బుజ్జగిస్తున్నట్టు. టక్... టక్...

అప్పాజీ మోకాళ్ళ మీద అవతలి పక్కకి పాకాడు. ఫిల్టర్ వెనకాల అరచేతిలో పట్టేంత ఆయిల్ కూలర్ ఉంది. దాని లోపలి గోడకి ఒక పక్క ఆయిలు, ఇంకో పక్క నీళ్ళు తిరుగుతాయి. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడే ఎక్కువ. గోడ ఎక్కడైనా వెంట్రుకవాసి చీలితే...

ఎంత తేలిక! ఇంత తేలిక సంగతి నాకెందుకు తట్టలేదు?

కూలర్ విప్పాడు. ఆయిల్ దారికి ఒక చివర బిరడా బిగించి, రెండో చివర కంప్రెసర్ గొట్టం తగిలించి, నీళ్ళ బకెట్‌లో ముంచాడు. గాలి వదిలాడు. నీళ్ళ దారిలోంచి సన్నటి బుడగల వరస పైకి లేచింది.

దొరికింది. అప్పాజీ గట్టిగా నవ్వాడు.

అప్పుడే కరెంటు పోయింది. బల్బు ఆరింది. కంప్రెసర్ మూలిగి ఆగింది. అప్పాజీ తడుముకుంటూ గాలి గొట్టం పీకేశాడు.

బుడగలు ఆగలేదు.

టార్చి వెలిగించి చూశాడు. గొట్టం చేతిలోనే ఉంది. కూలర్ బకెట్ అడుగున ఉంది. బుడగలు వస్తూనే ఉన్నాయి. కాసేపు వస్తాయి... ఆగుతాయి... మళ్ళీ వస్తాయి. మనిషి ఊపిరి తీసి వదిలినట్టు.

అప్పాజీ వెనక్కి జరగబోయాడు. బుడగ పగిలినప్పుడల్లా ఒక అక్షరం వినిపిస్తోంది.

"అ... న్నా..."

అప్పాజీ టార్చి బకెట్ మీదికి వంచాడు.

"నా... పే... రు... చె... ప్తా... వా..."

"చెప్తాను" అన్నాడు గొణిగినట్టు. "నువ్వే కనిపెట్టావని చెప్తాను. పోరా నాయనా... పో."

బుడగలు ఆగిపోయాయి.

గాలి తగ్గింది. కరెంటొచ్చింది. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించింది. కాసేపటికి షట్టరు ఎత్తి అబూ జాసిం లోపలికొచ్చాడు. అప్పాజీ మళ్ళీ గాలి పెట్టి చూపించాడు. ఆయన బకెట్ మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"ఎవరు కనిపెట్టారు దీన్ని?" అని సగం అరబీలో, సగం హిందీలో అడిగాడు.

మణికుమార్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే అబూ జాసిం జేబులోంచి తాళంచెవి తీశాడు. జర్మనీ పెట్టెది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ అప్పాజీ మొహంలోకి చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు.

"నేనే" అన్నాడు అప్పాజీ. "నేనొక్కణ్ణే."

తాళంచెవి అతని చేతిలో పడింది. మంచుముక్కలా చల్లగా ఉంది.

తానుండే గుదైబియాలో వ్యాన్ దిగి, మూడంతస్తులెక్కి, గది తలుపు తీశాడు. అతనితో పాటు ఆ గదిలో ఉండేది రాజనర్సు ఒక్కడే. కరీంనగర్ పక్క మనిషి, వాచ్‌మన్. తడి తువ్వాలుతో తల తుడుచుకుంటూ నైట్ డ్యూటీకి తయారవుతున్నాడు. అప్పాజీని చూసి ఆగిపోయాడు.

"ఏమే అన్నా, గిట్ల నేను తానానికి పోంగనే అట్ల బయటికి పోయినవా? గీ నూనె మరకలేంది?"

"పొద్దున్నించీ షెడ్డులోనే ఉన్నాన్రా."

రాజనర్సు నవ్వాడు. "మంచిగ చెప్తున్నవ్. దినమంత నీ మంచంల పన్నవ్ గదనే, గోడ దిక్కు మొకం వెట్టి. నేనే దుప్పటి కప్పిన. ఒళ్ళంత సల్లగుండె, జరమొచ్చిందేమో అనుకున్న."

మంచం వైపు చూడకుండా అడిగాడు అప్పాజీ. "నేను... ఏమైనా మాట్లాడానా?"

"ఆఁ. దుప్పటి కప్పుతు జరుగమంటే జరిగినవ్. 'అప్పాజీ వస్తడు, జర జాగ ఉంచాలె' అన్నవ్. నీ పేరు నువ్వే చెప్పుకుంటున్నవని నవ్వుకున్న."

రాజనర్సు చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరికేసి మెట్లు దిగిపోయాడు. అడుగుల చప్పుడు కిందికంటా వెళ్ళి ఆగిపోయింది.

అప్పాజీ మంచం వైపు చూశాడు. దుప్పటి గోడవారకి జరిగి ఉంది. ఇవతలి పక్క పరుపు ఎవరో అరచేత్తో నిమిరి సర్దినట్టు నున్నగా ఉంది. సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు.