ఆరు దగ్గర నిలిచిన అంకె

రిఫైనరీ కెమిస్టు ఉదయం ఏడూ పదికి ప్లాట్‌ఫారం మెట్ల మీద కాలు జారి పడి చనిపోయాడని రిజిస్టర్‌లో రాశారు. అతను ఏడూ ఐదుకే చనిపోయాడనీ, కాలు దానంతటది జారలేదనీ డిపార్ట్‌మెంటుకు తెలియడానికి తొమ్మిది రోజులు పట్టింది.

పదో రోజు గురువారం. ఉదయం ఎనిమిదిన్నరకు డిపార్ట్‌మెంటు చీఫ్, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, కిటికీ తెర లాగి బల్ల మీద ఒక చీటీ పెట్టాడు.

"నెమలి పంపింది. చదువు."

చీటీలో మూడే ముక్కలు. కెమిస్టు పడలేదు. కండెన్సర్. గురువారం పదకొండు.

ఎదురుగా కూర్చున్న ఏజెంటు పేరు డిపార్ట్‌మెంటులో గుమాస్తా. బట్టతల, కళ్ళజోడు, జేబులో పెన్ను. ఏ ఆఫీసులోకి వెళ్ళినా ఎవరో ఒకరు అతని చేతికి ఫైలు ఇచ్చి సంతకం పెట్టమంటారు.

"నెమలి ఎవరి మనిషి, సార్?"

"మనకూ పని చేస్తుంది, సరిహద్దు అవతలి ముఠాకూ పని చేస్తుంది. ఈ రోజు ఎవరికో ఆవిడనే అడగాలి."

"కండెన్సర్ అంటే?"

"చమురు కాచే టవర్ పైనుంచి ఆవిరి వస్తుంది. దాన్ని చల్లార్చే యంత్రం అది. ఆ ఆవిరిలో ఆమ్లం ఉంటుంది. నీటి మొదటి చుక్క పడ్డ చోటల్లా ఇనుమును తింటుంది. అందుకని ముందుగానే రెండు మందులు ఎక్కిస్తారు. ఒకటి ఆమ్లాన్ని విరిచేస్తుంది. రెండోది గొట్టం లోపల పొరలా అంటుకుంటుంది. మందు పడకపోతే గొట్టం కాగితంలా పలచబడుతుంది."

"మరి పదకొండుకు?"

"యూనిట్‌ను ఫుల్ లోడ్‌కు తీసుకెళ్తారు. ప్రెషర్ పెరుగుతుంది. పైపు పగిలితే పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది. ముప్పై అడుగుల దూరంలో కొలిమి మండుతూ ఉంటుంది. షిఫ్టులో అరవై ఒక్క మంది."

"యూనిట్ ఆపించండి."

"అడిగాను. రికార్డులు శుభ్రంగా ఉన్నాయన్నారు, రుజువు చూపమన్నారు." పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంతా పేలిపోతే తప్పు ఎవరి మీదికి నెట్టాలో కూడా వాళ్ళు చూసుకున్నారు. మొన్న మొన్నటిదాకా ప్రతి రీడింగు కిందా ఆ చనిపోయినవాడి సంతకమే."

తొమ్మిదీ ఇరవైకి గుమాస్తా రిఫైనరీ గేటు దగ్గర దిగాడు. మెడలో మందులు సప్లై చేసే కంపెనీ కార్డు, సర్వీస్ ఇంజనీరు అని. అదే కంపెనీ ప్రతినిధిగా నెమలి అతని కోసం నిలబడి ఉంది. ముదురు నీలం సూటు, మెడకు స్కార్ఫు, చెవులకు ముత్యాలు. సెక్యూరిటీ వాళ్ళు ఆమె బ్యాగు తనిఖీ చేయడం మర్చిపోయి ఆమెనే చూస్తున్నారు. కాళ్ళకు మాత్రం రబ్బరు అడుగున్న బూట్లు.

ఆకాశం నిండా మబ్బులు.

"ఎండ మండిపోతోంది కదండీ," అంది.

"గొడుగు మర్చిపోయానండీ."

కోడ్ సరిపోయింది. లోపలికి నడుస్తూ ఆమె గొంతు తగ్గించింది. "ఇంకా సర్వీసులోనే ఉన్నారా, గుమాస్తా గారూ? ఈపాటికి మనవల్ని ఆడిస్తుంటారనుకున్నాను."

"ముందు పిల్లనివ్వాలి కదా ఎవరైనా. కెమిస్టును ఎవరు తోశారు?"

"ఇన్సులేషన్ కాంట్రాక్టరు. పైపులకు తొడుగులు వేస్తాడు. మా అవతలి వాళ్ళ మనిషి."

"కండెన్సర్‌ను ఏం చేశాడు?"

"తెలిస్తే చీటీలో నాలుగో ముక్క రాసేదాన్ని."

గుమాస్తా మందు డ్రమ్ములు చూశాడు. సీళ్ళు అలాగే ఉన్నాయి. పంపు చూశాడు. లెక్క ప్రకారం కొడుతోంది. పది దాటేసరికి ల్యాబ్ మిగిలింది.

ల్యాబ్‌లో ఒక్కరే ఉన్నారు. కెమిస్టు భార్య. అదే ల్యాబ్‌లో టెక్నీషియన్. మూడో రోజు కార్యం ముగిసిన మర్నాడే డ్యూటీకి వచ్చేసిందని గేటు దగ్గర చెప్పారు. ఆమె కండెన్సర్ నుంచి వచ్చిన నీళ్ళలో పీహెచ్ మీటరు ముంచి, రిజిస్టర్‌లో అంకె వేసింది. ఆరు.

"రెండు నెలలుగా ఆరే," అన్నాడు గుమాస్తా పేజీలు తిప్పుతూ. "మంచిదేనా?"

"మంచిదే. నాలుగుకు దిగితే ఆమ్లం ఎక్కువైనట్టు. ఆరు ఉంటే ఇనుముకు భయం లేదు."

"ఆయన చివరి రోజుల్లో దీని గురించి ఏమైనా అన్నారా అమ్మా?"

"ఇంట్లో ఆఫీసు మాట్లాడేవారు కాదు. ఆఫీసులో ఇల్లు మాట్లాడేవారు కాదు. పక్కపక్కనే కూర్చుని పదకొండేళ్ళు అలాగే గడిపాం."

గుమాస్తా రిజిస్టర్ మూశాడు. "ఆయన తీసిన శాంపిళ్ళు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"ప్రతి శాంపిల్‌లో సగం సీసాలో దాస్తాం. ఏడు రోజులు దాటితే పారబోయాలి. రూలు." ఆమె పెన్ను మూత పెట్టింది. "ఆయనవి పారబోయలేదు."

"ఎందుకని?"

"లేబుల్ మీద రాత ఆయనది."

సింకు కింద అలమర తెరిచింది. ఇరవై ఒక్క సీసాలు. ఆమె మొదటి సీసా ఎత్తి వెలుతురుకు పెట్టింది. లోపలి నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"పోసినప్పుడు తేటగా ఉన్నాయి," అంది మెల్లగా. "ఇది ఇనుము. నీళ్ళలో కరిగి ఉంటే కనిపించదు. గాలి తగిలి కొన్నాళ్ళుంటే తుప్పు రంగు తేలుతుంది. ఇనుము పరీక్ష మేం నెలకోసారే చేస్తాం. ఈ నెలది ఇంకా చేయలేదు."

"ఆమ్లం లేకుండా ఇనుము ఎలా కరిగింది?"

"కరగదు." ఆమె స్టూలు మీద కూర్చుంది. "ఆమ్లం ముందు ఇనుమును తింది. ఆ తర్వాత మందు పడింది. మందు కండెన్సర్‌కు ముందు పడటం లేదు. దాటాక పడుతోంది. మేం శాంపిల్ తీసేది చిట్టచివర. అందుకే ఆరు."

"మందు గొట్టాన్ని మళ్ళించి, పైన కొత్త ఇన్సులేషన్ కప్పేశాడన్నమాట."

"మా ఆయన పైకెక్కి అది చూసినట్టున్నారు," అంది ఆమె. గొంతు మారలేదు. సీసా చేత్తో పట్టుకుని తలుపు వైపు నడిచింది.

టైము పదీ ముప్పై ఎనిమిది.

కంట్రోల్ రూములో షిఫ్ట్ ఇన్‌ఛార్జి తెరల ముందు నిలబడే టీ తాగుతున్నాడు. లోడ్ అప్పటికే పెరుగుతోంది.

"అక్కా, నువ్వు చెప్తే కాదనను. కానీ పీహెచ్ ఆరు చూపిస్తుంటే లోడ్ ఎలా దించను? నన్ను రేపే గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెడతారు."

ఆమె సీసాను అతని ముందు పెట్టింది. తేదీ, షిఫ్టు, అతనికి బాగా తెలిసిన గుండ్రటి చేతిరాత.

"ఈ సీసాలో ఉన్నది నీ కండెన్సరే తమ్ముడూ. రోజుకింత చొప్పున కరిగి బయటికొస్తోంది."

అతను సీసా ఎత్తి చూశాడు. టీ కప్పు కింద పెట్టాడు.

"లోడ్ దించుతున్నా. కానీ ప్రెషర్ వెంటనే దిగదు, పావుగంట పైనే పడుతుంది. ఈలోగా ఎవరైనా పైకెక్కి కండెన్సర్ ఇన్‌లెట్ వాల్వు చేత్తో మూసేయాలి. ఆవిరిని స్టాండ్‌బై కండెన్సర్‌కు మళ్ళిస్తాను. అది ఇన్నాళ్ళూ వాడలేదు, బాగానే ఉంది."

గుమాస్తా అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

పదీ యాభైకి అరవై అడుగుల పైన ప్లాట్‌ఫారం ఎక్కాడు. పైపు మీద కొత్త అల్యూమినియం రేకు తళతళలాడుతోంది. వంపు దగ్గర రేకు విప్పి పెన్ను కొన ఆనించాడు. లోహం మందం కొలిచే పెన్ను అది. ఆ పైపు కొత్తలో పన్నెండు మిల్లీమీటర్లు. క్లిప్పు మీద వెలిగిన అంకె ఒకటిన్నర.

అవతల వాల్వు పక్కన ఒకడు రెయిలింగ్‌కు ఆనుకుని నిలబడ్డాడు. నడుముకు సేఫ్టీ బెల్టు, చేతిలో వాల్వు నుంచి ఊడదీసిన చక్రం. ఇన్సులేషన్ కాంట్రాక్టరు.

"కంపెనీ ఇంజనీరు గారా? ఇది కావాలా?" అంటూ చక్రాన్ని రెయిలింగ్ బయటికి చాపాడు. "పది నిమిషాల్లో నేను గేటు బయట ఉంటాను. ఇది మాత్రం కింద ఉంటుంది."

గుమాస్తా వెనక నుంచి నెమలి వచ్చింది. బ్యాగులోంచి పిస్టల్ తీసింది.

"కాల్చకండి," అన్నాడు గుమాస్తా. "వాసన చూడండి."

పెట్రోలు వాసన. వంపు దగ్గర సన్నగా చెమ్మ పట్టింది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఇనుము మీద ఇనుము పడినా చాలు. ఆ చక్రం పడబోయేది కింద ఉన్న ఇనుప పైపుల మీదే.

నెమలి పిస్టల్‌ను బ్యాగులో పెట్టేసింది. గుమాస్తా వంక చూడకుండా కాంట్రాక్టరు దగ్గరికి నడిచింది.

"నువ్వు ఇంకా ఇక్కడే ఉన్నావా? ప్లాన్ మారింది. 'ఉత్తరం గాలి' మెసేజ్ అందలేదా?"

అది ముఠా కోడ్. వాడి కనుబొమలు ముడిపడ్డాయి. "ఎవరు మార్చారు?"

"నిన్ను పంపినవాళ్ళే. గేటు దగ్గర బండి లేదు. నువ్వు దిగే లోపే పేలుతుంది. నిన్నూ మిగల్చకూడదనుకున్నారు." వాడి భుజం మీద చెయ్యి వేసింది, ఊరడిస్తున్నట్టు. ఆ చెయ్యి వీపు మీదుగా జారింది. "చక్రం నాకిచ్చి పరుగెత్తు. మూసే పని ఈ బట్టతలాయన చూసుకుంటాడు."

వాడు ఆమె మొహంలోకి చూశాడు. కిందికి చూశాడు. చక్రం ఇచ్చాడు. ఇచ్చిన మరుక్షణం అనుమానం వచ్చి ముందుకు దూకాడు. ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు. సేఫ్టీ బెల్టు కొక్కెం రెయిలింగ్‌కు తగిలించి ఉంది. వాడు వెనక్కి తిరిగి దాన్ని అందుకునేలోపు నెమలి తన మెడలోని స్కార్ఫుతో వాడి మణికట్లు బిగించేసింది.

గుమాస్తా చక్రం ఎక్కించి తిప్పడం మొదలెట్టాడు. పది. పదిహేను. చేతులు జారుతున్నాయి. ఇరవై ఆరో చుట్టులో వంపు దగ్గర బుస్సుమంది. తెల్లటి ఆవిరి కొలిమి వైపు సాగింది.

"గుమాస్తా గారూ," అంది నెమలి.

"వింటున్నాను. ముప్పై ఒకటి."

ముప్పై ఎనిమిది. నలభై. చక్రం ఇక కదల్లేదు. బుస తగ్గి, ఈలలా మారి, ఆగిపోయింది. ఆవిరి గాలిలో చెదిరింది. అతను చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండుకు ఇరవై సెకన్లు తక్కువ.

"మీరు ఈ రోజు ఎవరి మనిషో తెలిసింది," అన్నాడు ఊపిరి అందాక.

"అవతలి వాళ్ళకు కూడా సాయంత్రానికల్లా తెలుస్తుంది. ఇక ఊరు మార్చాలి. ఈ ఊళ్ళో టైలరు బాగా కుట్టేవాడు," అంది నెమలి.

మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు. మళ్ళించిన మందు గొట్టాన్ని కట్టేశారు. అసలు చోట కలపడానికి సాయంత్రం అవుతుంది. అంతవరకూ యూనిట్ చిన్న మంట మీద నడుస్తోంది. గుమాస్తా సీసాలను సాక్ష్యం పెట్టెలో సర్దుతున్నాడు. కెమిస్టు మీద వేయజూసిన నింద తుడిచేయడానికి అవి చాలు.

"అన్నీ తీసుకెళ్ళాలా అండీ?" అని అడిగింది ఆమె.

అతను పెట్టెలోకి చూశాడు. ఒక సీసా బయట పెట్టి, రసీదు మీద ఇరవై అని రాశాడు.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె మీటరు ముంచింది. నాలుగు పాయింట్ రెండు. మందు ముసుగు లేని అసలు అంకె. రిజిస్టర్‌లో ఆ అంకె వేసి, కింద తన సంతకం పెట్టింది.

ఇన్‌ఛార్జి ముందుకు వంగి రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇంత దరిద్రపు రీడింగు చూసి ఇంత హాయిగా ఊపిరి పీల్చుకోవడం నా సర్వీసులో ఇదే మొదటిసారి, అక్కా."