ఉత్త గిన్నె

టిఫిన్ గిన్నెలు మూడూ తళతళా మెరుస్తున్నాయి. మూడూ ఖాళీయే.

యాదలక్ష్మి వాటిని ఊపుకుంటూ రెండు గల్లీలు దాటి, కొత్తగా కిరాయికి దిగిన సారు గది ముందు నిలబడింది.

"ఏం సారూ, మాతోని కొట్లాట పెట్టుకున్నరా?"

బావినీళ్ల సీసాల మధ్య కూర్చున్న సింహాద్రి కంగారుగా లేచాడు. "అయ్యో, ఏమైందండీ?"

"ఉత్త గిన్నెలు పంపిండ్రు. ఎవరన్న గట్ల పంపుతరా?"

"అన్నానికి డబ్బులిస్తున్నాను కదండీ!"

"పైసలు బువ్వకు. గిన్నెకు కాదు. గిన్నె ఉత్తగొస్తె, మీకూ మాకూ ఇగ ఏం లేదన్నట్టు. చిటికెడు ఉప్పన్న ఎయ్యాలె."

"గదిలో ఉప్పు కూడా లేదు," అన్నాడు దిగులుగా.

యాదలక్ష్మికి నవ్వొచ్చింది. తిట్టడానికి వచ్చింది కాబట్టి ఆపుకుంది.

అప్పట్లో, అంటే అరవైల మొదట్లో, మహబూబ్‌నగర్‌లో విదేశీ పీహెచ్‌డీ స్టూడెంట్ అంటే అతనొక్కడే. సింహాద్రిది మారిషస్. ముత్తాతలు చెరకు తోటల పనికి ఓడెక్కిపోయిన తెలుగువాళ్లు. హైదరాబాద్‌లో యూనివర్సిటీ, పాలమూరు బావినీళ్ల మీద రీసెర్చ్. మారిషస్ చెరకు కూలీల సంఘం స్కాలర్‌షిప్ పంపేది. అది సముద్రం దాటి వచ్చేసరికి నెల సగమయ్యేది. పరదేశీయుడని రేషన్ కార్డు ఇవ్వలేదు. కిరాయి గదికి పోతే మొదటి ప్రశ్న కులం గురించి, "మీరేంట్లు?", రెండోది "పెండ్లయిందా?" మొదటిదానికి అతని జవాబు ఎవరికీ అర్థం కాలేదు. రెండోదానికి అర్థమైంది కాబట్టే గది ఇవ్వలేదు. చివరికి చెవుడున్న ఓ ముసలాయన ఏమీ అడక్కుండా తాళంచెవి ఇచ్చాడు. యాదలక్ష్మి తల్లి నర్సింగమ్మ రెండు పూటలా అన్నం పంపుతానంది.

మర్నాడు టిఫిన్‌లో ఉప్పు వచ్చింది. చిటికెడు కాదు, గిన్నెడు.

ఆ తర్వాత సీతాఫలం, రేగుపండ్లు, మారిషస్ స్టాంపు. ఒకరోజు సముద్రపు గవ్వ.

"గీ గవ్వనేం జేస్కోవాలె? పులుసు పెట్టాల్నా?" అంది నర్సింగమ్మ.

ఇంకోరోజు చిన్న సీసా. మీద చీటీ: 'మీ బావి నీళ్లు. ఈ జిల్లాలో నేను చూసిన వాటిల్లో ఇవే తియ్యనివి.'

"మా నీళ్లు మాకే పంపిండమ్మా గీ పిచ్చి సారు!" అని విరగబడి నవ్వింది యాదలక్ష్మి. సీసా మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ వానకాలం ఒకే గొడుగు కింద గల్లీ దాటుతూ, టిఫిన్ తడవకుండా చూశారు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. అండీ, సారూ అనే పిలుపులు ఆ వానలోనే కొట్టుకుపోయాయి.

"అచ్చంపేట నుంచి ఐతారం నాడు చూడనీకి వస్తున్నరు," అంది ఒకరోజు.

"ఎవరిని?"

"మా బర్రెను."

అతను నవ్వలేదు. ఆమె కూడా నవ్వడం ఆపింది.

"మా బాపుతోని నేను మాట్లాడుత. ముందుగాల నీ మనసు తెల్వాలె నాకు. రేపు గిన్నెల పసుపుకొమ్ము పెట్టి పంపు. లేదంటవా, ఉత్తగ పంపు. సమజైతది."

మర్నాడు టిఫిన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. శనివారం గదికి తాళం ఉందని తెలిసింది.

"మంచి పిలగాడనుకున్న. ఇత్తడి టిఫిన్ ఎత్తుకపోయిండు," అని నర్సింగమ్మ వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టింది.

యాదలక్ష్మి మొదటిరోజే పోయి అడిగి ఉండొచ్చు. పోలేదు. ఒకసారి అడిగిన, రెండోసారి అడుగుతనా అనుకుంది. మర్నాడు, ఐతారం నాడు, తలవంచుకుని అచ్చంపేటవాళ్ల ముందు కూర్చుంది.

కొన్నేళ్లకు, యాదలక్ష్మి తల్లిగారింటికి వచ్చి ఉండగా, గడపలో ఒకాయన నిలబడ్డాడు. చేతిలో ఇత్తడి టిఫిన్.

"అగో, నా టిఫిన్!" అంది నర్సింగమ్మ ముందు. తర్వాత మనిషిని చూసింది. "నువ్వా బిడ్డా! గింత బక్కగైనవేంది? కూసో, నీళ్లు తెస్త."

ఇద్దరే మిగిలారు. సింహాద్రి కళ్లు ఆమె కాలి మట్టెల మీద ఆగిపోయాయి.

"డాక్టరు సారైనవా?"

"అయ్యాను. హైదరాబాద్‌లో ఉద్యోగం." టిఫిన్ ఆమె ముందు పెట్టాడు. "నువ్వు అడిగిన రోజే కబురొచ్చింది. మారిషస్‌లో తుఫానుకు చెరకంతా పోయింది, స్కాలర్‌షిప్ ఆపేశారు. పసుపుకొమ్ము పెడితే నిన్నెక్కడ ఉంచాలి? హైదరాబాద్ వెళ్లి నేనే ల్యాబ్‌లో బల్లమీద పడుకున్నా. మెస్‌లో కూరలు తరిగి అన్నం తిన్నా."

"గట్లయితె ఉత్తగ పంపకపోయినవా?"

"ఉత్తగా పంపితే తెగిపోయినట్టని నువ్వే కదా చెప్పావు! నా దగ్గరే ఉంటే, ఇంకా ఉన్నట్టే అనుకున్నా."

యాదలక్ష్మి టిఫిన్ తీసుకుని మూత తెరిచింది. పై గిన్నెలో పసుపుకొమ్ము.

"రెండు గల్లీలే గద సారూ," అంది. "నోరు తెరిచి చెప్పకపోయినవు."

"సిగ్గేసింది."

"నాకు పౌరుషమొచ్చింది. ఇద్దరం ఇద్దరమే."

"ఆయన మంచివాడా?"

"మంచోడే. తిట్టుకోనీకి గూడ వీల్లేకుండ మంచోడు."

లోపలికి పోయి ఆ కొమ్మును పసుపు డబ్బాలో వేసింది. మిగతా కొమ్ముల్లో కలిసిపోయింది, ఏది ఏదో తెలియకుండా. టిఫిన్‌లో అన్నం, పప్పు, పచ్చిపులుసు సర్దింది. పులుసు కొంచెం ఒలికింది.

"రైల్ల తిను."

"టిఫిన్ మల్ల తెచ్చియ్యి బిడ్డా! గీసారి ఎత్తుకపోకు!" అని లోపలి నుంచి కేకేసింది నర్సింగమ్మ.

సింహాద్రి యాదలక్ష్మి వైపు చూశాడు.

"తేవొద్దు," అంది ఆమె, తల్లికి వినపడకుండా. "నీ దగ్గర్నే ఉండనీ."