రాళ్ళకుంట కల్వర్టు కింద చప్పుడు

రాళ్ళకుంట కల్వర్టు మంచిది కాదు. మా ఊళ్ళో ఎవర్నడిగినా ముందు ఆ మాటే చెబుతారు, తర్వాతే మంచినీళ్ళిస్తారు.

దాచేపల్లి వైపు నుంచి వచ్చే మట్టిరోడ్డు మా ఊరికి కాస్త ముందు ఒక వాగు దాటుతుంది. ఆ వాగు మీద కల్వర్టు. తొంభైతొమ్మిదిలో అక్కడ మందుపాతర పేలి ఒక జీపు గాల్లోకి లేచింది. ముగ్గురు పోయారు. పాతినవాళ్ళు అడవిలోకి వెళ్ళిపోయారు. పోలీసులొచ్చి మా మగవాళ్ళని నాలుగు రోజులు చితక్కొట్టి వెళ్ళిపోయారు. మట్టిలో ఇంకా ఎన్ని మిగిలాయో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. మరుసటేడు మేకలు తోలుకెళ్ళిన బాలస్వామికి మోకాలి కింద కాలు తెగిపోయింది. అప్పుడు తెలిసింది, మిగిలాయని.

పట్టించుకోలేదని కాదు. ఒక అధికారి వచ్చాడు. ఫర్లాంగు దూరంలో జీపు ఆపి, బైనాక్యులర్లో చూసి, 'ప్రమాదం లేదు' అని రాసుకుని... కల్వర్టు దాటకుండా చుట్టుదారిన వెళ్ళిపోయాడు. తర్వాత ఏదో సంస్థవాళ్ళు పట్నంలో షామియానా వేసి బాలస్వామికి దండేశారు. ఆయన కొయ్యకాలు అడిగాడు. టోపీ ఇచ్చారు.

రెండువేల మూడులో వానలు వెలిశాక చప్పుడు మొదలైంది. రాత్రిపూట, కల్వర్టు దగ్గర - టక్... టక్... టక్. నేలమీద పాకే ఒక ఎర్రటి కన్ను. పోయిన జీపు డ్రైవరు తెగిన కాళ్ళు వెతుక్కుంటున్నాడన్నారు. మా పెద్దలకి ఒక్కసారిగా ఊపొచ్చింది. నాలుగేళ్ళు మందుపాతర గురించి నోరెత్తని వాళ్ళు, దెయ్యం అనగానే సాయంత్రానికి మీటింగు పెట్టారు! నిమ్మకాయలు కట్టించారు. అవీ ఫర్లాంగు దూరంలోని తుమ్మచెట్టుకే. ఊరి బడిపంతుల్ని నేను. ఆ మీటింగులో నేనూ తలూపాను.

ఇక జరిగింది ఖైరున్నీసా చెప్పినట్టే చెబుతాను. ఆవిడ మా చుట్టుపక్కల కాన్పులు చేసే మనిషి. అందరికీ ఖైరమ్మ.

జనవరి నెల. మిరపకోతల రోజులు. రాత్రి పదింటికి అంకమ్మరావు రొప్పుతూ ఆవిడ తలుపు కొట్టాడు. వాగు అవతల తోట పాకలో అతని భార్య లక్ష్మీదుర్గకి నొప్పులు మొదలై, రక్తం పోతోంది.

"ఎప్పట్నించిరా?"

"పొద్దుగూకినప్పట్నించి. చుట్టూ తిరిగొచ్చేసరికి ఇంతసేపైంది."

"పద. కల్వర్టు మీదుగా పోదాం."

ఆరడుగుల మనిషి, రెండు చేతులా గుమ్మం పట్టుకున్నాడు. "అక్కడ... అది ఉందమ్మా."

"అక్కడ నీ పెళ్ళాం ఉందిరా!"

అతను కదల్లేదు. ఖైరమ్మ సంచీ భుజానేసుకుని ఒంటరిగా బయల్దేరింది.

తుమ్మచెట్టు దాటింది. గాలి లేదు. వాగులో నీళ్ళు లేవు. తన చెప్పుల చప్పుడు ఒక్కటే...

టక్.

ఆగింది.

టక్... టక్.

ముందు నేలకి జానెడు ఎత్తున ఎర్రటి కన్ను. అది మెల్లగా ఆవిడ వైపు తిరిగింది. కాళ్ళు వెనక్కి లాగాయి. అవతల రక్తం పోతోందన్న మాట ముందుకు తోసింది. ఒక అడుగు... రెండో అడుగుకి కాలెత్తింది -

"కాలు దించొద్దు."

గుసగుస. నేల్లోంచి.

"ఎత్తిన కాలు... వెనక్కే పెట్టు. నీ ఎడంపక్క తెల్లరాళ్ళున్నాయి. వాటి మీదే నడువు."

ఖైరమ్మకి తెలిసిన దువాలన్నీ ఒకేసారి నోట్లోకొచ్చాయి. సున్నం పూసిన రాళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి, చీకట్లో కనీకనపడకుండా. వాటి మీదే నడిచి దాటింది. వెనక్కి చూడలేదు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది.

తిరిగొచ్చేటప్పుడు మసకవెలుతురు. ఈసారి ఆవిడ చూసింది. కల్వర్టు పక్కన ఒక మనిషి నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు. చేతిలో సైకిలు ఊచ. పక్కన ఎర్రగుడ్డ చుట్టిన టార్చిలైటు. ఊచతో మట్టిని పొడుస్తున్నాడు - టక్.

"జయరావన్నా!"

మిలిటరీ జయరావు. కూతురి దగ్గరికి నల్లపాడు వెళ్ళిపోయాడని ఊరంతా అనుకుంటున్న జయరావు. సైన్యంలో పదిహేడేళ్ళు మందుపాతరలు తీసే పనే చేసినవాడు.

"అరవకమ్మా. ఇంకా రెండున్నాయి."

"ఈ పని పగలు చేసుకోకూడదా? గుండె ఆగిపోయింది నాకు!"

ఆయన నవ్వాడట. "తీస్తానని మూడుసార్లు అర్జీ పెట్టాను. నీకు అధికారం లేదన్నారు. పగలు చేస్తే పోలీసులు నన్ను పాతినవాణ్ణంటారు. అడవిలో వాళ్ళు పోలీసు మనిషినంటారు. దెయ్యాన్నైతే ఎవడూ దగ్గరికి రాడు."

ఖైరమ్మ ఊళ్ళోకొచ్చింది. పెద్దలు చుట్టూ మూగారు. "చూశావా?"

"చూశాను. తాటిచెట్టంత ఉంది. ఆకలేస్తోందంది."

ఆ రోజు నుంచి తుమ్మచెట్టు కింద దెయ్యానికి కోడికూర, అన్నం. ఖైరమ్మే మోసుకెళ్ళి ఇచ్చేది. బాలస్వామి కాలు తెగి ఇంట్లో పడి ఉంటే గుక్కెడు గంజి పంపని వీధి, దెయ్యానికి మసాలా నూరింది.

పన్నెండు రాత్రులు. పదమూడో రోజు మిట్టమధ్యాహ్నం జయరావు కల్వర్టు గోడ మీద కూర్చుని కనిపించాడు. పక్కన, మందు తీసేసిన రెండు తుప్పు డబ్బాలు.

ఊరు ఊరంతా వెళ్ళింది. తుమ్మచెట్టు దాకా.

పోలీసు జీపు కూడా వచ్చింది, అక్కడిదాకానే. ఎస్సై దిగి, జయరావుని దగ్గరికి పిలిచి అడిగిన మొదటి మాట, "ఎక్కడున్నాయో నీకెలా తెలుసు?"

"వెతికానండి."

"ఎక్కు జీపు."

స్టేషను వాగు అవతల, గట్టిగా నడిస్తే ముప్పావుగంట. డ్రైవరు జీపుని వెనక్కి తిప్పి చుట్టుదారి పట్టించాడు. "సార్, ఇటు దగ్గర. బాగుచేశాను," అన్నాడు జయరావు వెనక సీట్లోంచి. గతుకుల్లో పద్నాలుగు కిలోమీటర్లు. అవి దాటేలోపు టైరు కూడా పంచరైంది.

ఖైరమ్మ మా అందరి మొహాలూ ఒకసారి చూసింది. కొంగు నడుముకి చుట్టి కల్వర్టు ఎక్కింది. తోట నుంచి ఇంటికి చేరిన లక్ష్మీదుర్గ, చంటిపిల్లని ఎత్తుకుని ఆవిడ వెనకే నడిచింది. వాళ్ళ వెనక మిరపకోతల ఆడవాళ్ళు పదకొండుమంది. చంకలో కర్రతో బాలస్వామి.

జీపు స్టేషను ముందు ఆగేసరికి వాళ్ళు మెట్లమీద కూర్చుని ఉన్నారు.

"మీరెట్లా వచ్చారే?" అన్నాడు ఎస్సై.

"కల్వర్టు మీదుగానండి," అంది ఖైరమ్మ. "బయల్దేరినప్పుడున్న కాళ్ళన్నీ ఉన్నాయి, చూసుకోండి. ఆయన్ని వదిలేదాకా కదలం."

దీపాలు పెట్టేవేళకి వదిలారు.

మా ఊరి మగవాళ్ళం కూడా వెళ్ళాం. చుట్టూ తిరిగి, ఆయన్ని వదిలేశాక.