సగం ఆకు

తల్లి పోయిన రోజు కూతురు రాలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఎవరెవరి కంప్యూటర్లనో దూరాన కూర్చుని బాగుచేసే ఉద్యోగం దొరికిందని, ఇంటి మిషను వదిలి వెళ్ళింది. "వెళ్తే మళ్ళీ నా గడప తొక్కకు" అన్నాడు తండ్రి. తొక్కలేదు. తల్లిని కడసారి చూడటానికైనా తొక్కలేదు! తండ్రి టైలరు మాస్టారు. తీసిన కొలతా, అన్న మాటా మార్చిన మనిషి కాడు.

భార్య ఉన్నప్పుడు ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుని తీగలూ ఆకులూ గీసేది. పక్కనున్న ఎంబ్రాయిడరీ మిషను వాటిని బట్ట మీద కుట్టేది. ఆమె పోయాక మిషనుకు ముసుగేశాడు. కంప్యూటరు జోలికైతే పోనేలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు.

"ఒరేయ్, మిషను తుప్పు పట్టాక నన్ను కుట్టమంటావా? నాకు సూదిలో దారమే ఎక్కదు!" అని మాస్టారి అక్క రోజూ పోరు పెట్టింది. ఆ పోరు పడలేక ఒక మధ్యాహ్నం ముసుగు తీశాడు. మిషను డిజైను అందుకోనని మొరాయించింది. మెకానిక్కుకు ఫోను చేస్తే, "మీ తెర ఇక్కడినుంచే చూస్తాను మాస్టారూ. దానికో ప్రోగ్రాం ఉంటుంది, తెరిచి నంబరు నొక్కండి" అన్నాడు. తెరిస్తే అందులో ఒకే ఒక్క నంబరుంది. మెకానిక్కుదే అనుకుని నొక్కాడు.

కాసేపటికి తెర మీది బాణం దానంతటదే కదిలింది! మాస్టారు రెండు చేతులూ గాలిలోకి ఎత్తేశాడు.

"అమ్మా…?" అంది కంప్యూటరు.

అక్క తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మ పేరు వచ్చింది నా తెర మీద… గుండె ఆగినంత పనైంది! ఎవరక్కడ?"

"నేనేనే, అత్తని! మీ నాన్నా ఉన్నాడు, బెల్లం కొట్టిన రాయిలా!"

"మెకానిక్కనుకుని నొక్కానని చెప్పక్కా. తెర మీంచి చెయ్యి తీసెయ్యమను."

"వింటూనే ఉంది కదరా! నీ నోరేమైంది?"

"చెప్పమన్నానా!"

"తీసేస్తాను అత్తా… మిషనెందుకు ఆగిందో ఒక్కసారి చూసి" అంది కూతురు.

బాణం తెరంతా తిరిగింది. ఏవో పెట్టెలు తెరిచింది, మూసింది. ఎక్కడో ఉన్న పిల్ల చెయ్యి ఇక్కడ, ఈ గదిలో, తడుముకోకుండా నడుస్తోంది! మాస్టారు రెప్ప వెయ్యకుండా చూశాడు. మిషను మీద పచ్చ దీపం వెలిగింది.

"కంప్యూటరు మిషన్ని మరిచిపోయింది, అంతే. గుర్తు చేశాను."

తర్వాత ఆగిపోయిన డిజైను తెరిచింది. పొడుగాటి తీగ. చివర సగం ఆకు. బాణం ఆ ఆకు దగ్గరికి వచ్చి, గుడ్డు పెట్టబోయే కోడి చోటు చూసుకున్నట్టు, చుట్టూ తిరిగి తిరిగి ఆగింది. అది భార్య చేతి తిరుగుడు! "ఏమే కోడిపెట్టా, ఇంకా చోటు కుదర్లేదా?" అని రోజూ ఏడిపించేవాడు.

"ఈ చేతివాటం దీనికెలా వచ్చిందో అడుగక్కా!"

అక్క అడిగేలోపే అవతల ఏడుపు వినిపించింది.

"అమ్మ నేర్పిందే నాన్నా… చివర్లో అమ్మ చెయ్యి వణికేది. నువ్వు కుంగిపోతావని నన్ను చెప్పనివ్వలేదు. మౌసు మీద ఊరికే చెయ్యేసి కూర్చుని, ఆకు ఎక్కడెయ్యాలో నోటితో చెప్పేది. నేను అన్నం మానుకుని ఆ వేళకి ఈ తెర మీదికొచ్చి గీసేదాన్ని…"

"ఆ రోజు కూడానా?" అక్కను మరిచిపోయి తానే అడిగాడు.

"ఆ రోజు కూడా. మాట్లాడుతూ మాట్లాడుతూ అమ్మ ఆగిపోయింది. కునుకు పట్టిందనుకున్నాను… లేపడమెందుకని చప్పుడు చెయ్యకుండా గీస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి తెర నల్లబడింది. సాయంత్రం అత్త ఫోను చేసింది. వీధి మలుపుదాకా వచ్చాను నాన్నా… గడపలో నువ్వు నిలబడి ఉన్నావు."

మాస్టారు కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వచ్చింది తనే. భార్య తల బల్ల మీద వాలి ఉంది. ఒళ్ళు చల్లబడింది. తెర మీద మాత్రం బాణం కదులుతోంది… ఆకు గీస్తోంది! ప్రాణం పోయినా ఆమె పని పోలేదనుకున్నాడు. గబుక్కున ప్లగ్గు పీకేశాడు. ఇన్నాళ్ళూ ఆ కదలికను గుండెలో దాచుకుని, దణ్ణం పెట్టాలో భయపడాలో తెలియక బతికాడు.

అక్క ముక్కు చీది, "గడప తొక్కొద్దన్నావు. తొక్కకుండానే వచ్చి తల్లి పక్కన కూర్చుందిరా అది!" అంది.

మాస్టారు భార్య కుర్చీలో కూర్చున్నాడు. మౌసు మీద ఊరికే చెయ్యేశాడు. చెయ్యి కదలలేదు. దాని ముందు బాణం కదిలింది. సగం ఆకు నిండుతోంది.

"పచ్చ కాదు" అన్నాడు. "మీ అమ్మ నీలం వేసేది."

"అలాగే నాన్నా…"

మిషను కుట్టడం మొదలుపెట్టింది. ఆకు బట్ట మీదికి దిగాక మాస్టారు తెరకేసి వంగాడు.

"రేపు వచ్చి దీన్ని చూసుకో. తలుపు తీసే ఉంటుంది."

అవతల చాలాసేపు ఏడుపే. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ రోజు కరెంటు పోయిందా నాన్నా?"

తల్లి పక్కనుంచి దాన్ని పీకేసింది తన చెయ్యేనని మాస్టారికి అప్పుడు తట్టింది.

"ఆ రోజు మాట నన్నెప్పుడూ అడక్కు. నేను చెప్పను."

మర్నాడు కూతురు వచ్చినప్పుడు అక్క కూడా అడిగి చూసింది. ఆయన చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు.